పదివేల పైన ఒక్క చుక్క

శనివారం ఉదయం సుగంధి ఫోను తెరిచేసరికి, రేపు తాము వేయవలసిన ముగ్గును ఎవరో అప్పటికే వేసేశారు.

సంఘం గ్రూపులో ఫోటో ఉంది. ఏదో బడి ఆవరణ. మేడ మీది నుంచి తీసినట్టున్నారు. సిమెంటు నేల నిండా చుక్కలు, వాటిని చుట్టుకుంటూ తెల్లటి మెలికలు. కింద సంఘం కార్యదర్శి రాజేంద్రన్ గొంతు.

"అందరికీ వణక్కం. కాలాపేట ఆడోళ్ళు నిన్న వేసిన ముగ్గు ఇది. పదివేల ఒక్క చుక్క. ఒకే గీత, యాడా తెగలా. మన పోటీ పెట్టినప్పట్నుంచి ఇంత పెద్దది ఎవురూ వేసింది లేదు."

సుగంధి ఆ గొంతును రెండోసారి విన్నది. పదివేల ఒక్క. పొరపాటు పడే వీలే లేదు.

పుదుచ్చేరి తెలుగు కుటుంబాల సంఘంలో మాటలన్నీ ఇలా గొంతులోనే నడుస్తాయి. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే అందరూ, తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళు మాత్రం నలుగురో అయిదుగురో. అందుకని ఎవరికి ఏం చెప్పాలన్నా ఫోను నోటి దగ్గర పెట్టుకుని చెప్పడమే.

ఏటా ఆ సంఘం ముగ్గుల పోటీ పెడుతుంది. నిబంధనలు నాలుగే. చుక్కలు నలుచదరంగా, ప్రతి వరసలోనూ సమానంగా ఉండాలి; అడ్డం, నిలువు ఒకటే కానక్కర్లేదు. ఎక్కడా తెగకుండా ఒకే గీత అన్ని చుక్కలనూ చుట్టి, మొదలైన చోటికి చేరాలి. ఎవరి చుక్కలు ఎక్కువైతే వారిది గెలుపు. ఒకరు వేసిన సంఖ్యను ఇంకొకరు వేయకూడదు. ఎవరి పేటలో వారు వేసుకోవచ్చు. ఆదివారం సాయంత్రం సంఘం పెద్దలు వచ్చి, దగ్గర్లోని మేడ ఎక్కి చూస్తారు.

అందుకే చుక్కల సంఖ్యను ప్రతి జట్టూ దాచిపెట్టుకుంటుంది. తెలిస్తే ఎదుటివాళ్ళు ఒక వరస ఎక్కువ పెట్టేస్తారు. వైతికుప్పం జట్టు సంఖ్య ముగ్గురికే తెలుసు. సుగంధికి, ఆమె అత్త మీనాంబాళ్‌కి, ఎదురింటి తిలగానికి. మిగతా ఆడవాళ్ళు రేపు పొద్దున నేల మీదే చూస్తారు.

గ్రూపులో గొంతులు మొదలయ్యాయి. ఎవరో పొగిడారు. ఎవరో ఆశ్చర్యపోయారు. సుగంధి ఆగలేక నోరు జారింది.

"అది మా సంఖ్య! మేం రేపు వేయాల్సింది!"

 తర్వాత వీధి చివరింటి ఆవిడ గొంతు వచ్చింది. "మీ సంఖ్య కాలాపేటకి ఎట్ట పోయింది? ఆడ జట్టుకి పెద్ద ఎవురు, సెంగమలం కదా. మన తిలగానికి సొంత అక్క."

ఆ తర్వాత ఇక ఎవరూ సంఖ్య గురించి మాట్లాడలేదు. అందరూ తిలగం గురించే మాట్లాడారు. "పావం, తిలగం" అని జాలిపడుతూ రాజేంద్రన్ గొంతు కూడా ఒకసారి వచ్చింది.

కాసేపటికి తిలగం వచ్చింది. లోపలికి రాలేదు. ముడులు వేసిన తాడు చుట్టను గడప మీద పెట్టింది. చుక్కలు సమదూరంలో పడడానికి వైతికుప్పంలో అలాంటి తాడునే వాడతారు. వలలు అల్లే చేతులు కదా, ముడి జారదు. ముడి ముడికీ ఒక చుక్క. ఒక వరస అయ్యాక తాడును జానెడు జరిపి ఇంకో వరస.

"ఇదో, నీ తాడు."

"లోపలికి రా అక్కా."

"రాను. సంతకి పోతే నలుగురూ నా మొకం చూసి నవ్వతా ఉండారు. మా అత్త ఏమందో తెల్సునా? 'అక్కకి అమ్ముకున్నావా' అనింది. అమ్ముకోడానికి అదేమన్నా చేపా?" తిలగం తాడు చుట్టను చేత్తో ఇంకాస్త లోపలికి నెట్టింది. "రేపు ముగ్గులో నేను చెయ్యి పెట్టను. ఇంక ఏ సంవత్సరమూ పెట్టను. ఈ వీధిలో నా చేత్తో ఒక చుక్క కూడా పడదు."

మీనాంబాళ్ లోపలి నుంచి కేక వేసింది. "దాన్ని అడుగు సుగంధీ, చెప్పిందా లేదా అని. నాలుగో మనిషి లేదు కదా. నేను చెప్పలా, నువ్వు చెప్పలా."

"నేను అడగను అత్తమ్మా."

"ఏందమ్మే, ఎందుకు అడగవు?"

"అడిగితే నేను కూడా అనుమానించినట్టే."

తిలగం ఆమె వైపు ఒకసారి చూసి, వీధి దాటి వెళ్ళిపోయింది. తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

సుగంధి బళ్ళో పెద్ద తరగతులకు లెక్కలు చెబుతుంది. తొందరపడి జవాబు రాసే పిల్లలంటే ఆమెకు చిరాకు. ఈ ఉదయం వీధి వీధంతా తొందరపడి జవాబు రాసేసింది. అది తప్పని చూపించేదాకా ఆమె ఊరుకునే మనిషి కాదు.

ఇంతలో రాజేంద్రన్ ఫోను చేశాడు. మిల్లు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, భార్య పోయి ఏడాది కాలేదు. సంఘంలో ఎవరికి ఏ పని పడినా ముందుండేవాడు. ఆయన మాట మెత్తన.

"విన్నానమ్మా సుగంధీ. పావం, తిలగం ఇట్ట చేస్తాదని అనుకోలా."

"చేసిందని ఎవరు చెప్పారు మామా?"

"అందరూ అంటా ఉండారు కదా. సరి, అది వదిలెయ్. నిబంధన నీకు తెల్సు. ఒకరు వేసేసిన సంఖ్య ఇంకొకరు వేస్తే అది కాపీ. వేరే సంఖ్య చెప్పండి. లేదంటే ఈ ఏడు తప్పుకోండి. సాయంత్రంలోపల చెప్తే చాలు."

"చెప్తాను."

"తొందరేం లేదమ్మా."

ఫోను పెట్టేసి సుగంధి మళ్ళీ ఫోటో తెరిచింది. వేళ్ళతో పెద్దది చేసి పై అంచున ఉన్న చుక్కలను లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మధ్యలో తప్పింది. మొదటి నుంచి లెక్కపెట్టింది. వంద. పక్క అంచు చూసింది. అదీ వందే. నలుచదరానికి బయట, కుడి మూలన, ఎర్రటి చుక్క ఒకటి ఒంటరిగా ఉంది.

"అత్తమ్మా, ఇటు రండి. ఈ ఎర్రచుక్క ఏంటి?"

మీనాంబాళ్ కళ్ళజోడు సర్దుకుంది. "దిష్టిచుక్క. పిల్లకి బుగ్గన పెట్టినట్టు. ముగ్గుకి దిష్టి తగలకుండా."

"అంటే వంద వందలు పదివేలు, దిష్టిచుక్కతో పదివేల ఒకటి."

"సరిగ్గానే ఉండాది కదా. పదివేలని సున్నాతో విడిచిపెట్టకూడదు. పైన ఒకటి వేస్తేనే మంగళం. నూటొక్క కొబ్బరికాయ అంటాం, వెయ్యిన్నొక్క దీపం అంటాం. నీకు నేనే కదా చెప్పినా, పదివేల పైన ఒకటి పెట్టమని!"

సుగంధి లేచి నిలబడింది. ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. అత్త సరదాగా అన్న మాటను ఆమె లెక్కగా తీసుకుంది. పదివేల ఒకటిని నలుచదరంగా పేర్చాలంటే అది ఏదో రెండు సంఖ్యల గుణకారం కావాలి. మూడుతో పోదు, ఏడుతో పోదు. పదకొండు, పదమూడు, పదిహేడు... దేనితో భాగించినా శేషం మిగులుతూ వచ్చింది. వంద దాకా వెతికి ఏదీ దొరక్కపోతే ఇక దొరకనట్టే. అలా వెతుకుతూ పోతే డెబ్బై మూడు దగ్గర అది చీలింది. డెబ్బై మూడు నూటముప్పై ఏడులు సరిగ్గా పదివేల ఒకటి. ఇంకో దారి లేదు. పదివేల ఒక్క చుక్కను నలుచదరంగా పేర్చాలంటే లోకంలో ఎవరైనా డెబ్బై మూడు వరసలే పెట్టాలి, వరసకు నూటముప్పై ఏడు చుక్కలు పెట్టాలి. కావాలంటే అడ్డాన్ని నిలువు చేసుకోవచ్చు, అంతే.

"అత్తమ్మా, మీరు రెండు వరసలు, రెండేసి చుక్కలు పెట్టి మెలిక వెయ్యండి."

"ఏందిది, నాకే పరీక్షా?"

"వెయ్యండి."

ముసలావిడ గచ్చు మీద సుద్దతో నాలుగు చుక్కలు పెట్టి గీత తిప్పింది. గీత చుట్టి వచ్చి మూసుకుపోయింది. ఇంకో గీత వేస్తే గానీ ముగ్గు పూర్తి కాలేదు.

"రెండు గీతలు. ఇది నాకు తెలియందా? అందుకే నేను రెండూ మూడూ పెడతా. అప్పుడు ఒకటే గీత."

"మూడూ మూడూ పెడితే?"

"మూడు గీతలు వస్తాది."

"నాలుగూ ఆరూ?"

మీనాంబాళ్ గాల్లో వేలు తిప్పి చూసుకుంది. "రెండు."

"అంతే కదా. అడ్డానికీ నిలువుకీ ఉమ్మడిగా ఏ సంఖ్య పోతుందో అన్ని గీతలు. ఒకటి తప్ప ఇంకేదీ పోకపోతేనే ఒకే గీత. డెబ్బై మూడుకీ నూటముప్పై ఏడుకీ ఉమ్మడి ఏమీ లేదు, అందుకే మన ముగ్గు ఒకే గీతలో వస్తుంది. మరి వందకి వంద పెడితే ఎన్ని గీతలు?"

ముసలావిడ నోరు తెరిచింది. "వంద గీతలా!"

"వంద. ఫోటోలో ఉన్నది ఒకే గీత ముగ్గు కాదు. మేడ మీది నుంచి చూస్తే ఎవరికీ తెలియదు. ఇంకో మాట చూడండి. తిలగమక్క చెప్పి ఉంటే ఏం చెప్పి ఉంటుంది? ఆ తాడు కట్టింది ఎవరు?"

"అదే కట్టింది."

"దానికి ఎన్ని ముడులు?"

"డెబ్బై మూడు." మీనాంబాళ్ గొంతు తగ్గింది. "అది చెప్పుంటే కాలాపేటోళ్ళు కూడా డెబ్బై మూడే పెట్టుంటారు."

"వాళ్ళకి చెప్పినవాడికి మొత్తం ఒక్కటే తెలుసు, పేర్చే తీరు తెలియదు. పదివేలు, పైన మంగళానికి ఒకటి అనుకున్నాడు. మన వీధిలో ఆ సంఖ్య తెలిసిన ముగ్గురికీ తీరు కూడా తెలుసు. తీరు తెలియకుండా మొత్తం ఒక్కటే తెలిసిన మనిషి ఎవరు?"

మీనాంబాళ్ ఆలోచించింది. వీధి గడపలన్నీ ఒకటొకటిగా తిరిగి వస్తున్నట్టు ఆమె కళ్ళు కదిలాయి. చివరికి తల అడ్డంగా ఊపింది.

సుగంధికి మాత్రం తెలుసు. సంఘం ఇచ్చే ముగ్గుపిండి చుక్కల సంఖ్యను బట్టి ఇస్తారు. అందుకని ప్రతి జట్టూ తన సంఖ్యను ఒక్కరికే చెబుతుంది. కార్యదర్శికి. అది ఎవరికీ లెక్కలోకి రాదు. గుళ్ళో పూజారికి గోత్రం చెప్పడం లాంటిది అది. ఆయనకి చెప్పామని కూడా ఎవరికీ గుర్తుండదు.

కానీ అనుమానం వేరు, రుజువు వేరు. రాజేంద్రన్ మీద నోరెత్తితే సంఘం మొత్తం ఆమె మీద పడుతుంది. తిలగం పేరు ఇంకా బురదలోకి పోతుంది.

"నేను వస్తాను అత్తమ్మా."

"యాడికి?"

"ఇప్పుడు చెప్పను. మీకు కూడా."

"నాకు కూడానా! నీ మొగుడు రానీ, చెప్తా నీ సంగతి."

సుగంధి సముద్రం ఒడ్డుకు వెళ్ళింది. అలలు ఆపడానికి వేసిన బండరాళ్ళ మీద ఎండలో కూర్చుని, ఫోనులో క్యాలిక్యులేటర్ తెరిచింది. కొంచెం దూరంలో పడవల చాటున మగవాళ్ళు వల బాగుచేసుకుంటున్నారు. ఆమెను ఎవరూ పట్టించుకోలేదు.

ఆమెకు ఇప్పుడు కావలసింది పదివేలు దాటిన ఒక మొండి సంఖ్య. పేర్చడానికి లొంగని సంఖ్య. పదివేల మూడును ఏడుతో భాగించింది. పోయింది, అది పనికిరాదు. పదివేల అయిదు చూడనే అక్కర్లేదు. పదివేల ఏడును తీసుకుంది. ఏడుతో నాలుగు మిగిలింది. పదకొండుతో ఎనిమిది. ఇరవై మూడుతో రెండు. నలభై ఒకటితో మూడు. డెబ్బై మూడుతో ఆరు. ఎనభై తొమ్మిది, తొంభై ఏడు. శేషం లేకుండా ఒక్కటీ పోలేదు. వంద దాటింది. ఇక వెతకక్కర్లేదు.

పదివేల ఏడు ప్రధాన సంఖ్య. అన్ని చుక్కలనూ ఒకే ఒక్క వరసలో పెట్టుకుంటూ మైలు దూరం పోవచ్చు తప్ప, నలుచదరంగా ఎవరూ, ఎప్పుడూ పేర్చలేరు.

ఆమె రాజేంద్రన్‌కి ఫోను చేసింది.

"మామా, వేరే సంఖ్య చెప్పమన్నారు కదా. పదివేల ఏడు వేస్తున్నాం."

"పదివేల ఏడా? కాలాపేట కంటే ఆరు ఎక్కువ."

"అవును. ఈసారి ఎవరికీ చెప్పలేదు. మా అత్తకీ తెలియదు. మీకు మాత్రమే."

"మంచిదమ్మా. నా నోరు దాటదు."

సుగంధి ఒక్క క్షణం ఆగింది. ముగ్గు తెలిసిన ఎవరైనా వెంటనే ఒక ప్రశ్న అడుగుతారు. ఎన్ని వరసలమ్మా అని. ఆయన అడగలేదు.

మధ్యాహ్నం దాటాక ఆమె తిలగం తలుపు తట్టింది.

"రానన్నా కదా."

"ముగ్గుకి కాదు. కాలాపేటకి."

"మా అక్క మొకం నేను చూడను. అది గాని దొంగ సంఖ్యతో ముగ్గేసిందంటే..."

"చూడకపోతే రేపటి నుంచి ఈ వీధి నీ మొకం చూడదు. బస్సు వస్తోంది, చెప్పులు వేసుకో."

తీరం వెంబడి పోయే ఈసీఆర్ బస్సులో ఇద్దరూ మాట్లాడుకోలేదు. తిలగం కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కాలాపేటలో దిగి, పక్క సందులో ఉన్న బడి గోడ దగ్గరికి వచ్చేసరికే లోపలి గోల వినిపించింది.

నిన్నటి ముగ్గు లేదు. నేలంతా కడిగేశారు. పదిహేను మంది ఆడవాళ్ళు సుద్దముక్కలూ తాళ్ళూ పట్టుకుని తలో దిక్కున నిలబడి అరుచుకుంటున్నారు. మధ్యలో సెంగమలం, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, జుట్టు నిండా పిండితో.

"తొంభై తొమ్మిదీ నూటొకటీ పెట్టి చూడు!"

"చూసినా అక్కా. ఎనిమిది మిగిలిపోతాది."

"ఎనభై ఏడు పెట్టమంటి కదే!"

"పెడితే రెండు మిగిలె. ఆ రెండింటినీ నీ చెవులకి పెట్టుకో."

"ఇదో, దొరికింది! డెబ్బై రెండు వరసలు, నూటముప్పై తొమ్మిది!" అంది నేల మీద కూర్చున్న ఒకావిడ. మళ్ళీ లెక్క చూసుకుని తల పట్టుకుంది. "పోయె. ఒక్క చుక్క తక్కువ. ఒకటి ఎక్కువ పెడదామంటే, సరిగ్గా అదే సంఖ్య వేస్తేనే వాళ్ళది కాపీ అవుతాదంట."

"ఏం సంఖ్యమ్మా ఇది, ఎట్ట పేర్చినా చేతికి రాదు! పట్టుకున్న చేప మాదిరి జారిపోతా ఉండాది." సెంగమలం సుద్దను విసిరికొట్టి తిరిగి చూసింది. గేటు దగ్గర చెల్లెలు కనిపించింది. ఎగదోపిన కుచ్చిళ్ళు దింపుకుంది.

"పదివేల ఏడు కదా అక్కా?" అంది సుగంధి.

ఆడవాళ్ళందరూ ఆమె వైపు తిరిగారు.

"నీకెట్ట తెల్సు?"

"ఆ సంఖ్య పుట్టించింది నేనే. సాయంత్రం దాకా కాదు, సంవత్సరం దాకా కూర్చున్నా అది నలుచదరంగా రాదు. అది మీకెవరు చెప్పారు?"

సెంగమలం చెల్లెలి వైపు చూసింది. తిలగం ముందుకు నడిచింది. నడుం మీద చేతులు పెట్టుకుని అక్క ఎదురుగా నిలబడింది.

"నేను చెప్పినానా? వీళ్ళందరి ముందరా చెప్పు. నిన్నటి సంఖ్య నేను చెప్పినానా?"

"నువ్వా? నువ్వు నాతో మాట్లాడి దీపావళి దాటింది కదే!"

"మరి మా వీధిలో నా పేరెందుకు చెప్తా ఉండారు?"

"నీ పేరా?" సెంగమలానికి నిజంగానే తెలియదని మొహంలో కనిపించింది. "నేను గ్రూపులో ఫోటో ఒకటే చూసినా. మిగతాది వినలా. పొద్దున ఇంటిపని, ఆపైన ఈ నేల కడగతానే ఉండా."

"నిన్న ముగ్గు ఒకే గీతతో వచ్చిందా అక్కా?" సుగంధి అడిగింది.

సెంగమలం తల దించుకుంది. "యాడ వచ్చింది. గీత పోయి పోయి మూసుకుపోతాది. మళ్ళీ కొత్త గీత. మళ్ళీ మూసుకుపోతాది. ఇది వద్దనినా. చెప్తే, 'చుమ్మా, ఊరికే వెయ్యమ్మా, మేడ మీది నుంచి ఎవురికి తెలుస్తాది' అన్నాడు."

"ఎవరు?"

గేటు బయట స్కూటరు ఆగింది. కాళ్ళ దగ్గర ముగ్గుపిండి బస్తా పెట్టుకుని రాజేంద్రన్ దిగాడు. బస్తాను గోడకి ఆనించి, నుదుటి చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చి, సుగంధిని చూసి ఆగిపోయాడు.

"నువ్వు ఈడ ఏం చేస్తా ఉండావమ్మా?"

"మీరు ఆ బస్తా ఎవరికి తెచ్చారు మామా? అదనపు పిండి కావాల్సింది మా జట్టుకి కదా."

"ఇద్దరికీ ఇస్తా ఉండా. నాకు అందరూ సమానం."

"వీళ్ళు నిన్ననే ముగ్గు పూర్తి చేశారని పొద్దున మీరే అన్నారు. మరి ఎందుకు కడిగారు?"

రాజేంద్రన్ ఆడవాళ్ళ వైపు చూశాడు. ఎవరూ ఆయన కళ్ళలోకి చూడలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అది వాళ్ళిష్టం. మీ సంఖ్య పెరిగిందని తెలిసుంటాది. ఈ తిలగం మళ్ళీ..."

"తిలగమక్కకి ఆ సంఖ్య తెలియదు," అంది సుగంధి. గొంతు పెంచలేదు, తరగతిలో చివరి బెంచీకి వినిపించేలా ఎప్పుడూ మాట్లాడే గొంతే అది. "మా అత్తకీ తెలియదు. నా మొగుడికీ తెలియదు. పొద్దున రాళ్ళ మీద కూర్చుని కనిపెట్టి, ఒకే ఒక్క మనిషికి చెప్పాను. మీరు రాకముందే అది ఇక్కడికి వచ్చేసింది."

"ఫోనులో ఎవురైనా విని ఉండచ్చు."

"విన్నవాడికి దాన్ని పేర్చగలమా అని అనుమానం రావాలి. మీకు రాలేదు. మొన్నా రాలేదు, ఇవాళా రాలేదు. మొన్న పదివేల ఒకటి అనగానే పదివేలు, పైన మంగళానికి ఒకటి అనుకున్నారు. వందకి వంద పెట్టించి దిష్టిచుక్క అతికించారు. ఆ సంఖ్య చీలేది ఒకే చోట మామా. డెబ్బై మూడు దగ్గర. అది తెలిసిన మనిషి చెప్పి ఉంటే ఆ ఫోటో అలా ఉండేదే కాదు. మీకు మేం మొత్తం మాత్రమే చెప్పాం, ఎందుకంటే మీరు అడిగేది పిండి కోసం."

"చూడమ్మా, నేను పెద్దోణ్ణి..."

"పెద్దోడివి కాబట్టే అందరూ నమ్మినారు." తిలగం అంది. ఆ మాటలో కోపం కంటే ఇంకేదో ఎక్కువగా ఉంది. "మామా, నా పెళ్ళిలో పందిరి గుంజ పాతింది నువ్వే. నన్ను దొంగని ఎట్ట అనుకోనిచ్చినావు?"

రాజేంద్రన్ బడి మెట్టు మీద కూర్చున్నాడు.  సెంగమలం వెళ్ళి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగలేదు, గ్లాసు చేతిలో పట్టుకున్నాడు.

"సరి," అన్నాడు చివరికి. "తప్పే. నేనే. నీకు చెప్తా ఉండా కదా, చాలునా?"

"చాలదు," అంది సుగంధి. "నాకు చెప్పి ఏం లాభం? తిలగమక్క పేరు ఎక్కడ పోయిందో అక్కడే చెప్పాలి. మీ గొంతుతోనే."

"అంత మంది ముందరా?"

"పొద్దున అంత మంది ముందరే కదా అన్నారు."

ఆయన తిలగం వైపు చూశాడు. తిలగం చూపు తిప్పుకోలేదు. పదిహేను మంది ఆడవాళ్ళు చేతుల్లో సుద్దముక్కలతో నిలబడి ఉన్నారు. రాజేంద్రన్ జేబులోంచి ఫోను తీశాడు. సంఘం గ్రూపు తెరిచాడు. బొటనవేలు బొత్తాం మీద పెట్టి రెండుసార్లు తీసేశాడు. మూడోసారి గట్టిగా నొక్కిపట్టుకున్నాడు.

"అందరికీ వణక్కం. రాజేంద్రన్ మాట్లాడతా ఉండా. వైతికుప్పం వాళ్ళ సంఖ్య కాలాపేటకి చెప్పింది నేను. తిలగం కాదు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పిండి కోసం సుగంధి నాకు చెప్తే నేను దాన్ని తెచ్చి ఈడ ఇచ్చినా. ఇవాళ కొత్త సంఖ్య చెప్తే అదీ తెచ్చి ఇచ్చినా. పొద్దున పెట్టిన ఫోటోలోది ఒకే గీత ముగ్గు కాదు. అది నాకు తెల్సు, తెలిసే చెప్పినా. సెంగమలం వద్దనింది, నేనే బలవంతం చేసినా.

"ఎందుకంటే... మా ఇంటామె మరగతం ఈ కాలాపేట బిడ్డ. ఈళ్ళందరికీ మెలిక నేర్పింది అదే. ప్రతి ఏడూ మీనాంబాళ్ గెలిస్తే అది రెండోదిగానే నిలబడింది. ఇంటికొచ్చి ఒక్క మాట అనేది కాదు. చెయ్యి కడుక్కుని వంటకి పొయ్యేది. పోయిన ఎండాకాలం అది పోయింది. ఒక్క ఏడు, ఒకే ఒక్క ఏడు దాని ఊరు గెలవాలని అనుకున్నా. దాని చేత్తో నేర్చుకున్న ఆడోళ్ళు గెలిస్తే అది గెలిచినట్టేనని అనుకున్నా. అది ఉండుంటే నన్ను ఇంట్లోకి రానిచ్చేది కాదు.

"తిలగం పేరు నేను ముందర చెప్పలా. మీరే అన్నారు. నేను చేసింది ఏందంటే, వద్దనలా. పావం అన్నా. ఆ పావం అనే మాటతో మీరు అనుకున్నదానికి ముద్ర వేసినా. సంఖ్య దొంగిలించిన దానికంటే అదే పెద్ద తప్పు. తిలగం నా ముందరే నిలబడి ఉండాది. అమ్మా తిలగం, నేనే చేసినా. నువ్వు చెయ్యలా."